మీసం ఒప్పుకోని మాస్కు

మా బావకి ఈటెతో చేపలు పొడవాలని సరదా పుట్టింది. వచ్చే నెల ఆఫీసు మిత్రులతో ఇండోనేషియాలో ఏదో దీవికి వెళ్తున్నాడు. నీళ్ళలో మునిగి, చేపని పొడిచి, ఒడ్డున కాల్చి అందరికీ పెడతానని మాట ఇచ్చేశాడు. ఇప్పుడు దానికి సామాను కొనడానికి షామీర్‌పేటలో ఒక కొట్టుకి బయల్దేరాడు. కోనసీమవాడు కనుక వాళ్ళూ నమ్మేశారు. అక్కడ ఆయన వెలగబెట్టిందల్లా కాలవలో ఈత నేర్చుకోవడం, సంతలో చేపలు బేరమాడటం. "నువ్వు కూడా వెళ్ళరా, లేకపోతే కొట్టంతా మోసుకొస్తారు" అని అక్క నన్ను తోడు పంపింది.

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు మేడ్చల్ బస్టాండు దగ్గర చల్లారిన ఇడ్లీ తిని షేర్ ఆటో ఎక్కాం. దారికి రెండువైపులా ప్లాట్ల బోర్డులే. ఎదురు సీట్లో చేపలమ్మి తిరిగొస్తున్న ఒకామె, ఖాళీ గంప ఒళ్ళో పెట్టుకుని బావ ఉపన్యాసం ఓపిగ్గా విన్నది.

"చెరువుల వలేస్తె అయిపాయె గద సార్, ఒక్కొక్కదాని ఎంటవడి పొడుసుడేంది?" అంది.

"అదొక క్రీడ అమ్మా" అన్నాడు బావ, నాలుగు వీడియోలు చూసిన పాండిత్యంతో.

అలియాబాద్ చౌరస్తాలో దిగి, బస్సెక్కి, పది దాటాక షామీర్‌పేట చేరాం. హైవే పక్కనే కొట్టు. ఫామ్‌హౌస్‌లకు వచ్చేవాళ్ళ కోసం పెట్టింది, గుడారాలూ గాలి పడవలూ ఈత సామానూ అమ్ముతారు. బావ వెళ్ళగానే తనంత పొడవున్న, నీళ్ళలో ఈటె వదిలే ట్రిగ్గర్ తుపాకీని కావలించుకున్నాడు. మొసలి మీద యుద్ధానికి వెళ్ళేవాడికైతే బాగుంటుంది. చెయ్యి పట్టుకుని అవతలికి లాక్కొచ్చాను.

ఇలాంటి ప్రయాణం పెట్టుకునే పాఠకులకు నా సలహా ఒక్కటే. మూడు ముక్కలుగా విడదీసి పెట్టెలో సర్దుకోగల ఈటె, దాని చివర చేతికి తగిలించుకునే రబ్బరు తాడు, కాళ్ళకు తెడ్డుల్లా తొడుక్కునే పొట్టి ఫిన్స్, ఊపిరి పీల్చడానికి ఒక గాలి గొట్టం, మాస్కు. ఇంతే చాలు. ఈత కళ్ళద్దాలు మాత్రం కొనకండి, లోతుకి దిగితే కళ్ళు పీకుతాయి. ముక్కు కూడా లోపలికి వచ్చే మాస్కే కావాలి. పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీలిస్తే అది అతుక్కుని నిలవాలి.

బావ పీల్చాడు, మాస్కు ఊడి కిందపడింది. మరొకటి పెట్టాడు, అదీ పడింది. నాలుగోదానికి కొట్టు యజమాని నవ్వు ఆపుకోలేకపోయాడు.

"మాస్కుది కాదు సార్ తప్పు, మీ మీసానిది. మస్తు గుబురుగున్నది, సందులకెల్లి నీళ్లు జొర్రుతై. ముక్కు కింద సన్నగ తీపిచ్చుకుంటె సాలు."

వ్యాజిలైన్ రాసినా సరిపోతుందేమో చూద్దామన్నాను. బావకి నచ్చలేదు. ఆయన చూసిన వీడియోల్లో అందరూ నున్నటి మూతులవాళ్ళే. పక్కనే ఉన్న క్షౌరశాలకు నడిచి, కుర్చీలో కూర్చుని, "మొత్తం తీసెయ్" అన్నాడు.

మంగలి కత్తి దించేశాడు. "మీ నాయిన ఉన్నడా సార్?"

"ఉన్నారు, నిక్షేపంగా."

"ఉంటె నేను తియ్య. గసుంటి పని నా చేతుల కాదు. సన్నగ కత్తిరిస్త, గంతే."

మా వైపూ అంతే. తండ్రి పోయినప్పుడే కొడుకు మీసం తీస్తాడు. బావ వాళ్ళ నాన్న, మా మామయ్యగారు, బావ దగ్గరే ఉంటారు, డెబ్బై ఆరేళ్ళ మనిషి. నాకు ఒళ్ళు మండింది. "చేప ముక్క కోసం తండ్రికి అపశకునం చేస్తావా బావా?" అన్నాను.

"మూఢనమ్మకాలు" అని రేజర్ లాక్కుని, అద్దంలో చూసుకుంటూ తనే గీసేసుకున్నాడు. ఆ ముఖం ఎవరిదో అనిపించింది. కొట్టుకి తిరిగొచ్చి పెట్టుకుంటే మాస్కు మాత్రం మొదటిసారికే అతుక్కుంది. విజయగర్వంతో బిర్యానీ తినిపించాడు. మెతుకు ఉడకలేదు.

మూడింటికి మేడ్చల్ బస్సు నేరుగా దొరికింది. ముందు సీట్లో మా కాలనీ రామలక్ష్మిగారు కూర్చుని ఉన్నారు. బావ ముఖం చూసి గబుక్కున లేచి నిలబడ్డారు.

"అయ్యో! ఎప్పుడు జరిగింది బాబూ? పొద్దున మొక్కలకి నీళ్ళు పోస్తూ కనిపించారే!" అన్నారు. అప్పటికే ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు.

"లేదండీ, నాన్న బాగానే ఉన్నారు."

"మరి మీసం?"

"చేపల కోసం అండీ" అన్నాడు బావ.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

వెక్కిరించడానికి ఇంతకంటే మంచి సమయం నాకు దొరకదు. నోరు తెరిచి బావ వైపు చూశాను. చేత్తో మూతి కప్పుకుని ఉన్నాడు. సామాను సంచి నా ఒళ్ళోకి లాక్కున్నాను. మామయ్యగారికేమవుతుందోనని నాకూ భయం వేసింది.

ఈ ప్రయాణం గురించి చెప్పాలంటే, రోడ్లు ఫరవాలేదు, సామాను మంచిదే, బిర్యానీ దండగ. ముక్కు కింద సన్నగా కత్తిరించుకుంటే పోయేదానికి మొత్తం గీసేసుకున్న మా బావంత మూర్ఖుడు మరొకడు ఉండడు.

కాసేపటికి బావ ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏరా, అన్నీ దొరికాయా?" మామయ్యగారి గొంతు నాకూ వినిపించింది.

"దొరికాయి నాన్నా. కాస్త మాట్లాడుతూ ఉండు."

"ఏం మాట్లాడనురా?"

"ఏదో ఒకటి."

ట్యాంకు నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయనీ, వాచ్‌మన్ మోటారు ఆపడం లేదనీ మామయ్యగారు మొదలుపెట్టారు. మేడ్చల్ వచ్చేదాకా ఆయన వాచ్‌మన్ని తిడుతూనే ఉన్నారు, బావ ఊఁ కొడుతూనే ఉన్నాడు.