ఏడో మిషన్ మీద నా పని

ఆమె మా టీమ్‌లకు నలభై దాటినంక వచ్చింది. అంతకుముందు గుంటూరు దిక్కు ఒక కాలేజీల లెక్కలు చెప్పేదట. నాకంటే పదేండ్లు పెద్దది. అయినా నన్ను "మేడమ్ గారూ" అనేది, నేను "అక్కా" అనేదాన్ని. ఆమె ప్రొబేషన్ ఆ శుక్రవారంతో అయిపోతది. మా పాత ప్రోగ్రామ్ ఒకదాన్ని కొత్తగ రాసి, ఇంకా వేగంగా నడిపించి చూపిస్తేనే ఉద్యోగం ఖాయం, లేకుంటే లేదు.

ల్యాప్‌టాప్ మీద ఆమె కొలిచే తీరు చూస్తే నవ్వొచ్చేది. బ్రౌజర్ మూసి, చాటింగ్ మూసి, ఛార్జర్ పెట్టి, చేతులు కట్టుకొని పరీక్ష హాల్ల కూసున్నట్టు కూసునేది. ఆరుసార్లు నడిపి, మొదటిది కొట్టేసి, మిగిలిన ఐదు నోట్‌బుక్‌ల రాసేది. పాతదానికి నిమిషం పడితే ఆమెదానికి అర నిమిషమే.

కానీ ల్యాప్‌టాప్ లెక్క మా దగ్గర చెల్లదు, క్లస్టర్ మీద కొలవాలె. క్లస్టరంటే కంప్యూటర్ల గుంపు, అందరం పంచుకొని వాడుకుంటం. పాతదాన్ని పోయిన వారం అందుల ఏడో మిషన్ మీద కొలిచినం కాబట్టి, కొత్తదాన్ని గూడ దాని మీదనే నడపమని నేనే చెప్పిన. నడిపితే పాతదానికంటే ఆలస్యమైంది. బుధవారం అదే, గురువారం అదే.

నాకు కోపం ముక్కు మీదుంటది. "ఏందక్కా గిది, ఇంట్ల పులి, వీధిల పిల్లి?" అన్న, అందరి ముందట.

"మళ్లీ చూస్తానండి" అని తల దించుకున్నది.

శుక్రవారం మూడింటికి మేనేజర్‌తో మీటింగ్. పన్నెండింటికి ఎందుకో ఏడో మిషన్ మీద ఏమేం నడుస్తున్నయో చూసిన. ఆమె పని పక్కన ఇంకొకటి. మంగళవారం నేను పెట్టి మర్చిపోయిన నా పని! మెమరీ అంత మింగుకుంట కూసున్నది. దాన్ని ఆపి, "అక్కా, మళ్ల నడుపు" అన్న. అర నిమిషంల అయిపోయింది. ఆరుసార్లు అంతే.

"నా పని ఉన్నట్టు నువ్వు చూడలేదా?"

"బుధవారమే చూశానండి. మీది ముఖ్యమైన పనేమో, ఆపమని ఎలా అడగను? నాదే ఇంకాస్త వేగంగా చేద్దామనుకున్నాను."

సిగ్గుతోని సచ్చిపోయిన. నా నోటికి బుగులుపడి మనిషి ఉద్యోగం మీదికే తెచ్చుకున్నది.

రెండు దినాల నంబర్లు గట్లెందుకున్నయని మీటింగ్‌ల మేనేజర్ అడిగిండు. "నేనే సరిగా చూసుకోలేదండి" అని ఆమె మొదలుపెట్టింది. చెయ్యి పట్టుకొని ఆపిన. "కాదు సార్, తప్పు నాది. అక్క నాకు భయపడి చెప్పలే." ఆయన నాలుగు మాటలన్నడు, పడ్డ. ఆమె ఉద్యోగం ఖాయమైంది.

సోమవారం పొద్దుగాల నా డెస్క్ కాడికొచ్చి, అందరికీ వినపడేటట్టు, "మేడమ్ గారూ, మీ పని ఆపండి, నాకు మిషన్ కావాలి" అన్నది.

ఒకరు నన్ను ఆపమంటే అంత సంతోషమయ్యింది గప్పుడే.