పెన్‌డ్రైవ్‌లో లేని బొమ్మ

నేను సోషల్ టీచర్ని. దంతాలపల్లి దగ్గర మా హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరు రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. పటాలు బాగా గీస్తానని నాకు పేరుండడంతో ఆ పీరియడ్ నా నెత్తిన పడింది. భారతదేశం పటం గీయడం వేరు, బొమ్మ గీయడం వేరు అని హెడ్‌మాస్టరుకు చెప్పి చూశాను. రెండింటికీ చాక్‌పీసే కదా అన్నారాయన.

గీయడం రాదు కాబట్టి చూపించడం మొదలుపెట్టాను. పెద్ద పెద్ద మ్యూజియంలు తమ బొమ్మలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాయని తెలిసిన రోజు, నా పెళ్లిచూపుల నాడు కూడా లేనంత హుషారు వచ్చింది. అన్నం ఉడికేలోపు ఫోన్లోకి దించుకున్నాను, బస్సులో దించుకున్నాను, ట్రైనింగుల్లో చివరి బెంచీలో కూర్చుని దించుకున్నాను. గుహల్లో గీసిన ఎద్దుల నుంచి చేర్యాలలో బట్ట మీద గీసే బొమ్మల దాకా ఏదీ వదల్లేదు. ఫోన్లో చోటు చాలకపోతే మా ఆయన ఫోటోలు తీసేశాను. ఆయన ఎలాగూ ఇంట్లోనే ఉంటాడు.

ఆ తర్వాత బడికి గోడంత టీవీ వచ్చింది. నెట్ మాత్రం రాలేదు. మా దగ్గర సిగ్నల్ కావాలంటే బయట బోరింగు పక్కన నిలబడి చెయ్యి పైకెత్తాలి. అందుకే నా బొమ్మలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి టీవీకి గుచ్చేదాన్ని. మిగతా టీచర్లు నెట్ కోసం బోరింగు చుట్టూ తిరుగుతుంటే, దీనికి నెట్‌తో పనే లేదని పిల్లల ముందు తెగ గొప్పలు పోయేదాన్ని.

ఎనిమిదో తరగతిలో తండా నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. ఇంట్లో లంబాడీ మాట్లాడేది, బడిలో తెలుగు మాట్లాడేది, నా పీరియడ్‌లో ఏదీ మాట్లాడేది కాదు. తల్లి మిర్చి ఏరడానికి ఖమ్మం వైపు పోతే నానమ్మ దగ్గర ఉండేది. డిసెంబరులో ఒకరోజు మధ్యాహ్న భోజనం అయ్యాక క్లాసుకు వెళ్తే బ్లాక్‌బోర్డు నిండా బొమ్మ ఉంది. ట్రాలీ ఆటోలో కిక్కిరిసి కూర్చున్న కూలీలు, అందరి వీపులూ మనవైపు. ఒక్కామె మాత్రం తల తిప్పి వెనక్కి చూస్తోంది. చేతిలో చాక్‌పీసుతో ఆ పిల్ల పక్కనే ఉంది. ఆమె ఎవరే అని అడిగితే, మా అమ్మ అంది.

నాకు కొంచెం అసూయ కలిగింది, ఎందుకు దాచాలి. తర్వాతి పీరియడ్ లెక్కల సారుది, ఆయన డస్టరు ఎవరికోసమూ ఆగదు. గబగబా ఫోన్ తీసి ఫోటో కొట్టాను. ట్యూబ్‌లైటు మెరుపు పడి ఒక మూల తెల్లబడింది గానీ బొమ్మ చక్కగానే వచ్చింది. “ఇగ నీ బొమ్మ యాడికి పోదు బిడ్డా, పెద్దపెద్దోళ్ల బొమ్మల పక్కన పెడుతున్న” అన్నాను. ఆ సాయంత్రమే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఫోన్లోంచి తీసేశాను. ఆ పిల్ల ఈ సంగతి తల్లికి ఫోన్లో చెప్పుకుందట.

జనవరి సెలవుల్లో నాకు సర్దుడు జబ్బు పట్టుకుంది. దేశానికొక ఫోల్డరు, కాలానికొక ఫోల్డరు, పండగలకొకటి, పనిపాటలకొకటి చేశాను. మ్యూజియంల వాళ్లను చూసి ఒక నియమం కూడా పెట్టుకున్నాను. గీసినవాళ్ల పేరు, గీసిన కాలం, దేనితో గీశారనే వివరం, ఈ మూడూ రాసి లేని బొమ్మకు నా దగ్గర చోటు లేదు. అలాంటివన్నీ ఏరి, ఒక్క దెబ్బతో డిలీట్ కొట్టి, తృప్తిగా టీ తాగాను.

ఫిబ్రవరిలో ఆ పిల్ల తల్లి బడికి వచ్చింది. రేషన్‌కార్డుకు వేలిముద్ర వేయకపోతే పేరు తీసేస్తారని ఎవరో చెబితే ఒక్క పూట కోసం వచ్చిందట. సాయంత్రం మళ్లీ ట్రాలీ ఎక్కాలి. పోయే ముందు తన బొమ్మ చూసి పోదామని వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, కొంగు సర్దుకుని టీవీకి ఎదురుగా నిలబడింది.

నేను దర్జాగా పెన్‌డ్రైవ్ గుచ్చాను. మనదేశం ఫోల్డరులో లేదు. పనిపాటల్లో లేదు. తల్లీబిడ్డలని ఒక ఫోల్డరు చేశాను, అది తెరిచాను. అందులో ఇటలీ తల్లులు ఉన్నారు, జపాన్ తల్లులు ఉన్నారు, అందరి కిందా పేర్లు, కాలాలు, రంగుల వివరాలు ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, మూల తెల్లబడ్డ ఆ ఫోటోకు పేరు రాయలేదని. ఫోన్ పెట్టిన అంకెలే దాని పేరు. పేరు రాయాల్సింది నేను. రాయలేదని తీసేసిందీ నేనే. ఏం చేయాలో తోచక ఒక్కో బొమ్మా జరుపుతూ పోయాను. ఆమె మాత్రం ప్రతి బొమ్మనూ మర్యాదగా చూస్తూ, తనది ఎప్పుడొస్తుందా అని నిలబడే ఉంది.

ఆ పిల్ల నా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది.

“తీసేసిండ్రా మేడం?”

తల ఊపాను.

ఆ పిల్ల టీవీ వైపు ఒకసారి చూసి, తల్లి వైపు తిరిగి తమ భాషలో ఏదో చెప్పింది. అందులో నాకు తెలిసింది నెట్ అనే మాట ఒక్కటే.

తల్లి నా మీద జాలిపడింది. “నెట్టు రాకుంటే మీరేం జేస్తరు మేడం. మీరు పరేషాన్ గాకుండ్రి. ఉగాదికి వస్త గద, అప్పుడు చూస్త.”

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. బడిలో రోజూ పిల్లలకు అదే చెబుతుంటాను. నేనేమో మన దగ్గర సిగ్నల్ అంతంత మాత్రమే అమ్మా అన్నాను.

ఆమె దండం పెట్టి వెళ్లిపోయింది. ఆ పిల్ల టీవీకి ఉన్న పెన్‌డ్రైవ్ తీసి, మూత పెట్టి, నా చేతిలో పెట్టింది. దానికి నెట్‌తో పనే లేదని ఆ పిల్లకు చెప్పింది నేనే.