మూడు చరణాల వేల్సు పాటకు తొమ్మిది ఆశ్వాసాలు

పలుకుతల్లి! నీకుఁ బ్రణతు లర్పించెద
తెలియనట్టి మాట తెలుపకుండ
నోరు గట్టవమ్మ! నూఱేండ్ల దనుకను
తెలిసినంత మట్టె తెలుపనిమ్ము

స్వస్తిశ్రీ విభవ నామ సంవత్సర ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి నాడు, రంగూను మహానగరంలో, లమ్మడా పేటలోని ఒక పప్పుల కొట్టు మేడమీద, నా పాండిత్యానికి జరిగిన పరాభవాన్ని సహృదయులైన పాఠకులకు విన్నవించుకుంటున్నాను. లంక ఒక్క తోకతో కాలింది. నా పరువు కాలడానికి ఒక్క నాలుక చాలింది.

ఆ ఏడు శ్రావణ భాద్రపదాలలో నగరం ప్రజల ఊరేగింపులతో ఉప్పొంగి, సైన్యం తుపాకులతో అణగిపోయింది. బస్సులు లేవు, రైళ్ళు లేవు, ఉత్తరాలు లేవు. చీకటి పడితే కర్ఫ్యూ. ఆ తరువాత వీధిలో కనిపించినవాడు ఇంటికి చేరతాడన్న నమ్మకం లేదు. ఏటా దసరాలలో మోల్మేను నుంచి వచ్చి మా తెలుగువారికి హరికథ చెప్పే దాసుగారు ఆ ఏడు రాలేదు. నెలల తరబడి ఇళ్ళలో మగ్గిన జనం ఏదో ఒకటి వినాలని మొహం వాచి ఉన్నారు.

అప్పటికి నాకు ఇరవైయారేళ్ళు. ప్రబంధాలు చదివాను, వ్యాకరణం చదివాను, అణకువ మాత్రం పాఠ్యప్రణాళికలో లేదు. మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మావాళ్ళ పిల్లలకు తెలుగు చెప్పుకుంటూ, లమ్మడాలో పప్పుల టోకు వ్యాపారి అప్పలస్వామిగారి కుమార్తె నూకరత్నాన్ని పెళ్ళాడాలని ఉవ్విళ్ళూరుతూ ఉండేవాణ్ణి. ఆ మాట వారి చెవిన వేయగా, వారు కందిపప్పును పరీక్షించినట్టు నన్ను అరచేతిలో పోసుకుని చూశారు.

"పద్యాలొచ్చు, సరే. పనేటి వొచ్చు, పంతులూ?"

"ఏ పనైనా నిర్వహించగలనండీ."

"అయితే ద్వాదశికి మా మేడమీద కచేరీ ఒకటి పెట్టు. జనం నవ్వుతా రావాల. చీకటి పడకముందే ఒక్కడు మిగలకుండా కొంపలకి సేరాల. అది సేసినావా, పిల్ల నీది. ఒక్క సబ నడపలేనోడు సంసారమేటి నడుపుతాడు?"

స్వయంవరంలో మత్స్యయంత్రం దీనికన్నా సులభమని అప్పుడు నాకు తోచలేదు.

హరిదాసుకు బదులు నాకు గిటారుదాసు దొరికాడు. మా వీధి చివరనుండే ఊ మ్యా గారు. ("ఊ" అంటేనే బర్మావారి "గారు". దానికి నేను మరొక గారు తగిలించేవాణ్ణి. మర్యాద మిగిలిపోయినా పాడవదు కదా.) ఆయన తాతగారు ఐరావతి మీద పడవలు నడిపిన ఇంజనీరు, వేల్సు దేశీయుడు. పడవ ఇసుకలో దిగబడినప్పుడల్లా ఆయన తన భాషలో కవిత్వం రాసేవాడట. అందులో ఒక కవితకు మనవడు జానపదుల బాణీ కట్టి గిటారు మీద పాడేవాడు. విదేశపు తీగలు దొరకని రోజులు కనుక, ఆ గిటారుకు తెగిన రెండు తీగల స్థానంలో చేపల గాలపు దారం బిగించి ఉండేది.

పాడమని అడిగితే ఆయన బిడియపడ్డాడు. "మీవాళ్ళకు ఈ పాట నచ్చుతుందా, సయా?" సయా అంటే గురువు. ఆ ఒక్క పిలుపుతో నేను జానెడు పొడుగు పెరిగాను.

"సంకోచించకండి. మావాళ్ళకు మొహమాటం లేదు. నచ్చకపోతే లేచిపోతారు. కూర్చున్నారంటే ఇంకా కావాలన్నమాటే."

"అయితే వాళ్ళు కూర్చున్నంతసేపూ పాడతాను. వినేవాళ్ళు ఉండగా ఆపడం మా తాతకు అవమానం."

ఆ మాట నాకు ఎంతో ముచ్చట గొలిపింది. పాఠకులారా, ఈ ముచ్చటను గుర్తుంచుకోండి. నేను మాత్రం మరచిపోయాను.

ద్వాదశి సాయంత్రం మేడ నిండింది. నేను లేచి ప్రస్తావన మొదలుపెట్టాను. ముందు వరుసలోని సన్యాసమ్మ పెద్దమ్మ, పేటలో అందరి పురుళ్ళూ పోసిన మనిషి, అడ్డుతగిలింది.

"వేల్సంటే ఏటి బాబూ? ఇంగిలీసోళ్ళేనా?"

"కాదు పెద్దమ్మా. మనల్ని మద్రాసీలంటే మనకెంత మంటో, వారిని ఇంగ్లీషువారంటే వారికంత మంట."

"అయితే మనోళ్ళే!" అని ఆవిడ తీర్పు చెప్పింది. సభ చప్పట్లు కొట్టింది.

చప్పట్లు కల్లు వంటివి. ఆ మత్తులో నేను, వేల్సు భాషలో ఒక్క అక్షరం ఎరుగని నేను, ఇది ప్రౌఢమైన మహాకావ్యమని, ఆశ్వాసాలుగా విభక్తమై ఉంటుందని ప్రకటించాను. అంతటితో ఆగక, "కావ్యానికి మంగళాంతం విధి. గాయకులు మంగళం పాడకముందు లేచినవారి ఇంట అశుభం తప్పదు" అని అప్పటికప్పుడు అల్లిన శ్లోకమొకటి వ్యాసప్రోక్తమని చదివాను. తుపాకుల చప్పుడు ఇంకా చెవుల్లో ఉన్న జనం. ఆ రోజుల్లో అశుభాన్ని అరువు తెచ్చుకునే ధైర్యం ఎవరికుంది? అందరూ బాసింపట్టు బిగించారు.

మంగళమనేది ఒకటుందని గాయకుడికి మాత్రం నేను చెప్పలేదు.

ఆయన కళ్ళు మూసుకుని పాడాడు. నిజం చెప్పాలి, పాట అమృతం. గొంతులో కొండమీద గాలి, గాలపు దారంలో నది. పాట అయింది. ఆయన కన్ను తెరిచి చూశాడు. ఎవరూ లేవలేదు. ఆయన ముఖం పున్నమిలా వెలిగింది. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.

"ఇది ఇందాకటిదే కదేటి?" అన్నారు అప్పలస్వామిగారు.

"ద్వితీయాశ్వాసమండీ. ధోరణి ఒకటే, భావం వేరు."

మూడవసారి అదే పాట. "నాయిక విరహం" అన్నాను. నాలుగవసారి "దండయాత్ర" అన్నాను. అయిదవసారి సన్యాసమ్మ పెద్దమ్మ నా పంచె లాగింది.

"బాబూ, బారతం పద్దెనిమిది పర్వాలు. ఇదెన్ని?"

"అంత ఉండదు లెండి."

"యుద్ధానికెళ్ళినోడు తిరిగొచ్చినాడా?"

"దారిలో ఉన్నాడు."

కిటికీలో వెలుగు పసుపు దాటి కుంకుమకు వచ్చింది. నాకు మామగారు కావలసినవారు గడియారాన్ని చూస్తున్నారు, నన్ను చూస్తున్నారు. రెండింటిలో దేని మెడ ముందు తిప్పాలా అన్నట్టుంది ఆ చూపు. నేను ఊ మ్యా గారికి ఎదురుగా నిలిచి, చాలించమన్న భావంతో రెండు చేతులూ జోడించాను. ఆయన కంట నీళ్ళు తిరిగాయి. గురువు తనకు నమస్కరించాడు! గొంతు మరొక స్థాయి పెంచి సప్తమాశ్వాసంలోకి దూకాడు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. వినేవాడు లేవకపోతే చెప్పేవాడే లోకువని ఏ సామెతా నాకు ముందుగా చెప్పలేదు. ఆయన చెవిలో ఒక్క మాట అడిగితే పోయేది. కానీ అడిగితే, ఇంతసేపూ చెప్పిన విరహమూ దండయాత్రా ఏ గంగలో కలపను?

తొమ్మిదవ ఆశ్వాసం నడుస్తుండగా వీధిలో మిలటరీ లారీ, కర్ఫ్యూ మొదలైందని మైకులో చాటుతూ వెళ్ళిపోయింది. ఇక ఎవరూ మెట్లు దిగడానికి లేదు.

అప్పుడు లేచింది నూకరత్నం. గ్లాసుడు టీ తీసుకువెళ్ళి ఊ మ్యా గారి ముందు పెట్టి, బర్మా భాషలో రెండు మాటలు అడిగింది. ఆయన రెండు మాటలు చెప్పాడు. గిటారు ఆగింది.

"నానా, ఇది మూడు చరణాల పాటేనంట. రేవుకాడ పడవోణ్ణి పిలుస్తన్నాడంట, అంతే. తొమ్మిదిసార్లూ అదే పాడినాడంట. మీవోళ్ళు ఇళ్ళకెళ్ళరేటి, నా వేళ్ళు పగిలిపోనాయి అంతన్నాడు."

"మరి దండయాత్రో?" అంది సన్యాసమ్మ పెద్దమ్మ, దిగులుగా.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నోరు గొప్పదైతే ఊరంతా ఒక్క ఇంట్లో పడుకోవలసి వస్తుంది. అప్పలస్వామిగారి పప్పు బస్తాలు విప్పి పులగం వండారు. ఖాళీ గోనెలు పరిచి పక్కలు వేశారు. నాకు మాత్రం మిరపకాయల గోనె వచ్చింది. తెల్లవార్లూ తుమ్మాను.

ఉదయం కర్ఫ్యూ సడలగానే అందరూ క్షేమంగా మెట్లు దిగారు. నేనూ తలవంచుకుని దిగబోయాను.

"ఆగు, పంతులూ," అన్నారు అప్పలస్వామిగారు. "నువ్వు సబ నడపలేవు. పిల్లనెలా ఇవ్వమంటావు?"

నేను నోరు తెరిచేలోగా లోపలినుంచి నూకరత్నం అంది: "ఇచ్చెయ్యి నానా. ఆయనకి అడగడం రాదు, నాకొచ్చు. నాకు కతలు కట్టడం రాదు, ఆయనకి అదే వొచ్చు. మరింకేటి కావాల?"

అప్పలస్వామిగారు ముందు కూతురి కేసి, తరువాత నా కేసి తిరిగారు. "అయితే సంసారం నువ్వు నడుపు. నువ్వు, పంతులూ, పక్కన కూకోని ఆశ్వాసాలు సెప్పుకో."

కావున సకల దేవతలూ, అష్టదిక్పాలకులూ, ముఖ్యంగా మా ఇంటి యజమానురాలూ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. తెలియని భాషలోని కావ్యానికి ఇక ఈ జన్మలో ప్రథమాశ్వాసాన్నైనా ప్రకటించను. వ్యాసుల వారి మీద మరొక శ్లోకం మోపను.

విభవ సంవత్సర మాఘ శుద్ధ త్రయోదశి నాడు ఉదయం నాకూ నూకరత్నానికీ వివాహం జరిగింది. ఏర్పాట్లన్నీ వధువే చూసుకుంది. అతిథులందరూ చీకటి పడకముందే ఇళ్ళకు చేరారు.