సోడాగారి తెల్ల చొక్కా

ఆ రోజుల్లో అమెరికాలో ఉద్యోగం చేసే తెలుగు ఆడపిల్లకి కోపం వస్తే ముందు వీసా గుర్తుకొచ్చేది. దాంతో కోపాన్ని లంచ్ బాక్స్‌లో పెట్టుకుని ఇంటికి మోసుకెళ్ళేది. అలా నేను మోసుకెళ్ళిన కోపం ఒకటి మొన్న ఆదివారం దాకా చెడిపోకుండా ఉంది. (ఏ సంవత్సరం, ఏ నెల, ఏ వారమో నాకు బాగా తెలుసు. చెబితే మీరు నా వయసు లెక్కేస్తారు.)

హ్యూస్టన్ దగ్గర ఒక చిన్న ల్యాబ్‌లో నా మొదటి ఉద్యోగం. డీజిల్‌లో గంధకం తీసెయ్యడానికి హైడ్రోజన్ వాడతారు. ఆ గ్యాస్ ముందు డీజిల్ నూనెలో కరగాలి. మందపాటి ఉక్కు పాత్రలో నూనె పోసి, ప్రెజర్ పెట్టి హైడ్రోజన్ ఎక్కించి, ఎంత కరిగిందో కొలవడం నా పని. నా పైన ఒక తెలుగాయన ఉండేవాడు. ఏది వివరించాలన్నా సోడాసీసాతో మొదలుపెట్టేవాడు కనుక మనసులో ఆయన్ని సోడాగారు అనుకునేదాన్ని. ప్రెజర్ రెట్టింపు చేస్తే కరిగే గ్యాస్ కూడా దాదాపు రెట్టింపవుతుంది. ఇందులో మాకు పేచీ లేదు. పేచీ వేడి దగ్గర వచ్చింది. ప్రెజర్ అంతే ఉంచి నూనెని వేడి చేస్తే, నా కొలతల్లో హైడ్రోజన్ ఇంకా ఎక్కువ కరిగింది.

"చూడమ్మా, సోడాని ఎండలో పెడితే ఏమవుతుంది? గ్యాస్ పోతుంది. వేడికి పెరిగిందని రిపోర్ట్ పంపిస్తే పైవాళ్ళు నవ్వుతారు."

"ఇది సోడా కాదు సార్. హైడ్రోజన్ తీరు వేరు. ఎన్నిసార్లు కొలిచినా పెరుగుతూనే ఉంది."

"ఎక్కడో లీకుంది. లేదా నీ కూడికలో తప్పుంది. శుక్రవారం లోపల అంకెలు మార్చు. లేకపోతే నీ ప్రొబేషన్ పేపర్ మీద సంతకం పెట్టడం నాకు కష్టం."

నా కూడికలో తప్పా! (పెళ్ళిలో పురోహితుడు ముహూర్తం దాటిస్తున్నాడని పీటల మీద నుంచే గడియారం చూపించినదాన్ని.) ఆ సంతకం లేకపోతే ఉద్యోగం లేదు. ఉద్యోగం లేకపోతే వీసా లేదు. అయినా అంకెలు మార్చలేదు. ప్రతి జాయింటుకీ సబ్బునీళ్ళు రాసి చూశాను. ఒక్క బుడగ రాలేదు.

శుక్రవారం పెద్ద మేనేజర్ వచ్చాడు. పొడుగాటి అమెరికన్. ఆయన కోసం సోడాగారు గంజిపెట్టిన తెల్ల చొక్కా వేసుకొచ్చి, "ఇప్పుడే తేల్చేద్దాం" అన్నాడు. రెండు పాత్రల్లో ఒకే ప్రెజర్. ఒకటి చల్లగా, ఒకటి వేడిగా ఉంది. శాంపిల్ తీసేటప్పుడు ప్రెజర్ పోకుండా మూసిన గొట్టంలోకి తియ్యాలి. ఆ మాటే అన్నాను. "నువ్వు పక్కకి జరుగు" అని ఒక్కోదాని కింద గాజు గ్లాసు పెట్టి వాల్వు తిప్పాడు. చల్లటి నూనె కాస్త నురగ కట్టి ఆగింది. వేడిది మాత్రం పాలు పొంగినట్టు గ్లాసు దాటి, బల్ల దాటి, ఆయన చొక్కా బొత్తాల దాకా పాకింది. (మరీ కాల్చే వేడి కాదు, గ్యాస్‌ని బయటికి లాగే ఫ్యాన్ తిరుగుతోంది. లేకపోతే ఈ కథ చెప్పడానికి ముగ్గురిలో ఎవరం మిగిలేవాళ్ళమో!) నురగ అణిగాక ఆయన వేడి నూనె గ్లాసు పైకెత్తి, "చూశారా, ఇందులో గ్యాసే లేదు!" అన్నాడు. తలుపులు బార్లా తీసి, జనమంతా బయటికి పోయాక, ఇంట్లో ఎవరూ లేరని చాటింపు వేసినట్టుంది. మేనేజర్ గ్లాసు వైపు చూడలేదు. చొక్కా వైపు చూశాడు. "వేడిదే ఎక్కువ పొంగింది. అంటే అందులోనే ఎక్కువ గ్యాస్ ఉన్నట్టు కదా?" అన్నాడు. సోడాగారు చొక్కా తుడుచుకుంటూ, క్షణం కూడా ఆలోచించకుండా, "అదే నేను మొదటినుంచీ అనుమానిస్తున్నాను" అన్నాడు!

నా ఉద్యోగం నిలిచింది. రిపోర్ట్ మీద పేరు మాత్రం ఆయనది. నా పేరు చివరి పేజీలో, గాజు సామాను అమ్మిన కంపెనీ పేరు కింద. నోటిదాకా వచ్చిన మాట మింగేసి బస్సెక్కాను.

మొన్న ఆదివారం డాలస్ పక్కన ఫ్రిస్కోలో, తెలిసినవాళ్ళింట్లో, తలా ఒక వంట పట్టుకెళ్ళే పాట్‌లక్. (పన్నెండింటికి రమ్మంటే పన్నెండింటికి వెళ్ళింది నేనొక్కదాన్నే.) సోడాగారూ వచ్చాడు, చేతికర్రతో, తెల్ల చొక్కాలో. భోజనాలయ్యాక కాలేజీలో చదువుతున్న మనవరాలిని కూర్చోబెట్టుకుని, అందరికీ వినపడేలా, "నూనెలో హైడ్రోజన్ సంగతి కనిపెట్టింది నేనే" అని మొదలుపెట్టాడు. అది అప్పటికే లోకానికి తెలిసిన సంగతి. కనిపెట్టింది ఆయనా కాదు, నేనూ కాదు. నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

"సో తాతా, హీట్ చేస్తే ఎక్కువ డిజాల్వ్ అవుతుందా, తక్కువా?" అని అడిగింది ఆ పిల్ల.

"తక్కువే. సోడా సంగతి తెలుసుగా" అన్నాడాయన. అని, ఎందుకో సందేహమొచ్చి నా వైపు తిరిగాడు. "అంతేగా అమ్మాయ్?"

"ఎక్కువ అన్నయ్యగారూ! ఎక్కువ! మీ చొక్కాని అడగండి!"

పెరట్లో గ్రిల్ దగ్గరున్నవాళ్ళు కూడా ఇటు తిరిగారు. ఆయన చెయ్యి మెల్లగా బొత్తాల దగ్గరికి పోనిచ్చి, అక్కడ ఏమీ లేకపోయినా తుడుచుకున్నాడు.

తిరిగొస్తుంటే, ఆ రోజు మాట మింగి బస్సెక్కిన పిల్ల ఇప్పుడు నా పక్క సీట్లో ఉంటే మెచ్చుకునేదా అనుకున్నాను. మెచ్చుకోదు. "ఒకే ప్రెజర్ దగ్గర అని చెప్పలేదేమిటండీ?" అని నన్నే నిలదీస్తుంది. నిజమే, చెప్పలేదు. నవ్వొచ్చింది. ఇల్లు చేరగానే ఆయనకి ఫోన్ చేసి అది కూడా చెప్పాను.