ముసలిది లేస్తలేదు!

గార్లలో మాది జిరాక్స్ షాపు. పాత ప్రింటర్‌ను ఇంట్లో మేం ముద్దుగా 'ముసలిది' అంటాం. ఒకరోజు అది ఆగిపోతే, దాన్ని బాగుచేసే మానుకోట మెకానిక్‌కు కంగారుగా మెసేజ్ పెట్టాను: "తమ్మీ, ముసలిది లేస్తలేదు. జరసేపు గురగురమన్నది, ఆగిపోయింది. జల్ది రా."

వచ్చాడు. షాపులో ఆగకుండా, వెనకున్న మా ఇంట్లోకి పోయాడు. చేతిలో పూలదండ! వెనకాలే ఉరికాను.

వాకిట్లో చిక్కుడుకాయలు తుంచుతున్న మా అత్త తలెత్తింది. "దండ ఎవరికి బిడ్డా?"

అతను దండ వెనక్కి దాచాడు. "నీకే అవ్వా... అక్క మెసేజ్ పెట్టింది."

అప్పటినుంచి ప్రింటర్ ఆగితే మెకానిక్‌కు దాని పేరు, స్క్రీన్ మీద పడిన మాట, ఫొటో అన్నీ పంపుతున్నాను. అయినా నేను ఫోన్ పట్టుకుంటే చాలు, అత్త కేకేస్తుంది: "నేను లేచిన అని గూడ రాయి కోడలా!"