నేను మైకులో పంచిపెట్టిన అడవి

డిగ్రీ పాసై ఖాళీగా తిరిగే కాలంలో మనిషికి తనలో ఉన్న ఏ చిన్న గుణమైనా పెద్ద ఆస్తిలాగే కనిపిస్తుంది. నాకు కనిపించిన ఆస్తి నా గొంతు. గుడివాడలో మా చర్చిలో ఆదివారం వాక్యం చదివేది నేనే. చదువుతుంటే వెనక బెంచీల్లో కునికే పెద్దలు కూడా ఉలిక్కిపడి సర్దుకుని కూర్చునేవారు (అది భక్తి అని నేను, నీ కేకలకి అని మా అమ్మ). ఆ గొంతు సంగతి తెలిసే, అవనిగడ్డలో అడవి ఆఫీసులో పనిచేసే మా బాబాయి నన్ను అక్కడ తాత్కాలికంగా కుదిర్చాడు. దివిసీమ చివర, సముద్రపు ఒడ్డున ఉన్న మడ అడవిని జాతీయ పార్కుగా ప్రారంభించడానికి మంత్రిగారు వస్తున్నారు. ఆటోలో మైకు పెట్టుకుని ఊరూరా తిరిగి జనాన్ని పిలవడం నా పని.

అక్కడి ఆఫీసరుగారిని అందరూ పెద్దసారు అనేవారు. నేను చదవాల్సిన మాటలు ఆయనే స్వయంగా రాసిచ్చారు. చివరి వాక్యం ఇది: "ఈ మడ అడవిని మంత్రివర్యులు జాతికి అంకితం చేస్తారు." ఒక్క అక్షరం మార్చొద్దని, సభలో కుర్చీలు ఖాళీగా ఉంటే నేనూ మళ్లీ ఖాళీయేనని చెప్పి పంపారు. మార్చలేదు గానీ, "జాతికి" దగ్గర కాస్త సాగదీసి, గొంతు వణికించి, ఒక్క క్షణం ఆగేవాణ్ని. అక్కడ ఆగితే బరువుగా ఉంటుందని నా నమ్మకం.

రెండో రోజు ఒక పల్లెలో వలలు ఎండేసిన చోట ఆటో ఆపగానే ఒక పెద్దాయన దగ్గరికొచ్చాడు. ఆయన్ని ఊరంతా పీతల మావయ్య అంటారు. నీళ్లు వెనక్కి తీసిన వేళ మడ చెట్ల మధ్య బురదలోకి దిగి, ఇనప కొక్కెంతో బొరియల్లోంచి మండపీతల్ని లాగడం ఆయన బతుకు. వాళ్ల తాతదీ అదే బతుకు. అయినా ఆ అడవిలో తిరగొచ్చని చూపించడానికి కాగితం ముక్క లేదు. అడవి గార్డులు ఒక్కోసారి చూసీ చూడనట్టు పోయేవారు, ఒక్కోసారి కొక్కెం లాక్కునేవారు.

"బాబూ, జాతికి ఇస్తన్నారంటన్నావు. ఏ జాతికి?" అన్నాడు.

మా వైపు నలుగురు కూర్చున్నచోట జాతి అంటే కులమే. దేశం అనే అర్థం పేపర్లలోనూ, పంద్రాగస్టు ఉపన్యాసాల్లోనూ మాత్రమే ఉంటుంది. ఆ సంగతి నాకు తెలియకపోలేదు. కానీ ఎండ మండుతోంది, ఆకలేస్తోంది, ఇంకా రెండు ఊళ్లున్నాయి. వీటన్నిటికీ తోడు నాకు అతితెలివి ఒకటి ఏడ్చింది. "మీరూ జాతే గదా మావయ్యా" అన్నాను. అందులో అబద్ధం లేదు. లేనందుకు నాకు గర్వంగా కూడా ఉంది.

ఆయన వలల దగ్గరున్న వాళ్లవైపు తిరిగి, "మనకేనంట. అడవి మన జాతికే రాసిస్తన్నారంట" అన్నాడు. దిద్దుదామని నోరు తెరిచాను. కుర్చీలు గుర్తొచ్చాయి. మూసుకుని, డ్రైవరుతో పోనిమ్మన్నాను.

సభ రోజున కుర్చీలు చాల్లేదు. పడవల మీద పల్లెలకి పల్లెలే దిగాయి. ఆడవాళ్లు పెళ్లిళ్లకి కట్టే చీరల్లో వచ్చారు. "గట్టివాడివేనయ్యా" అని పెద్దసారు నా వీపు తట్టారు. మంత్రిగారు తెర లాగారు, శిలాఫలకం బయటపడింది, చప్పట్లు మోగాయి. ఇంతలో పీతల మావయ్య ఉతికిన పంచెలో, చేతిలో బంతిపూల దండతో తిన్నగా వేదికెక్కాడు. ఇదీ కార్యక్రమంలో ఉందేమోనని ఎవరూ ఆపలేదు. మంత్రిగారికి దండ వేసి, పక్కనే మైకు పట్టుకుని నిలబడ్డ నావైపు చెయ్యి చాపాడు. కాదనే ధైర్యం లేక మైకు ఇచ్చాను.

"అయ్యా, మా తాతల కాణ్ణించీ ఆ బురదలో దొంగల్లాగా తిరిగాం. ఇయ్యాళ మా జాతికి ఇచ్చారు. ఇంక మా కొక్కేలు ఎవరూ లాక్కోరు" అన్నాడు.

మంత్రిగారు అందులో "జాతి" ఒక్కటే విన్నారు కాబోలు, ఆయన భుజం మీద చెయ్యేసి, "జాతి అంటే మీరే, మీరంటేనే జాతి" అన్నారు. షామియానా అదిరేలా చప్పట్లు. పెద్దసారు నా మొహం చూశారు. ఆయనకి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మర్నాడు అడవిలోకి పడవలు వెళ్లే పాయ మొదట్లో గొలుసు కట్టి బోర్డు పాతారు. పీతల మావయ్యకి చదువు రాదు. నన్ను పిలిపించి చదవమన్నాడు. "అనుమతి లేనిదే ప్రవేశం నిషిద్ధం" అని చదివాను. పక్కనున్న ఆయనకే సరిగ్గా వినపడలేదు, మళ్లీ చదివించుకున్నాడు.

"జాతికన్నారు గదా బాబూ."

"జాతంటే దేశమండీ. అందరిదీ."

"అందరిదీ అయితే మాది కాకుండా ఎట్టా పోయింది?"

ఆ నెలలోనే ఆ పని వదిలేశాను (అని ఇంట్లో చెప్పుకుంటాను గానీ, సభ అయిపోయాక నాతో పనేముందని వాళ్లే పంపేశారు).

ఇప్పుడు బందరులో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటున్నాను. మొన్నామధ్య అవనిగడ్డ బస్టాండులో పీతల మావయ్య కనిపించాడు. బాగా వంగిపోయాడు. ఎవరిదో రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటున్నాడట. ఇన్నేళ్లుగా మనసులో దిద్దుకుంటూ వచ్చిన క్షమాపణ ఒకటి ఉంది నా దగ్గర. "మావయ్యా, ఆ రోజు మీరు పొరబడ్డారని తెలిసి కూడా నేను..." అని మొదలుపెట్టాను.

"తెలుసులే" అన్నాడు. "మైకిచ్చేటప్పుడు నువ్వు నా మొహంలోకి చూళ్లేదు. అప్పుడే అర్థమైపోయింది, మాక్కాదని. అయినా పదిమందిలో అనేస్తే మాటకి కట్టుబడతారేమోనని అన్నా."

బందరు బస్సు వచ్చింది. ఆయనే నన్ను ఎక్కించి, కిటికీ పక్కన సీటు చూసి కూర్చోమన్నాడు. ఆ వేదిక మీద అందరికన్నా తెలివైనవాణ్ని నేనే అనుకున్న ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. నవ్వాననే అనుకున్నాను. పక్క సీటాయన నావైపు తిరిగి, "ఏమండీ, ఒంట్లో బాలేదా?" అని అడిగాడు.