మూడో పికప్ చుట్టింది నేనే

నాకు గిటార్ వాయించడం రాదు. తెలిసిందల్లా తీగ చుట్టడం. తొంభైల మొదట్లో హిందూపురం నుంచి పనికోసం వచ్చి, పట్నం శివారు హెబ్బగోడిలో ఒక గదిలో నలుగురు ఆడపిల్లలం ఉండేవాళ్ళం. దగ్గర్లోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ల కంపెనీలో నా పని, వెంట్రుకకన్నా సన్నటి రాగి తీగను వేలి కొసతో నడుపుతూ కాయిల్ చుట్టడం. తెగితే మళ్ళీ మొదటికి. నాకు కాలు ఒకచోట నిలవదని అమ్మ ఎప్పుడూ తిట్టేది. ఆ మెషీన్ ముందు మాత్రం కదలకుండా కూర్చునేదాన్ని. లోపలి తొందరంతా వేళ్ళలోకి పోయేదేమో.

ఒకరోజు మా సూపర్‌వైజర్‌కు తెలిసిన పెద్దాయన ఒకరు కె.ఆర్.పురం నుంచి వచ్చారు. రైల్వేలో పనిచేసి రిటైరై, చర్చిలోనూ పెళ్ళిళ్ళలోనూ గిటార్ వాయించేవారు. స్టీలు డబ్బా మూత తీసి, చేతిరుమాలులో చుట్టిన వస్తువొకటి నా ముందు పెట్టారు. అయస్కాంతాల చుట్టూ వేల చుట్ల తీగ. ఎలక్ట్రిక్ గిటార్‌లో స్ట్రింగ్స్ కింద ఉంటుందట, పికప్ అంటారట. స్ట్రింగ్ ఊగితే ఆ ఊపును కరెంటుగా మార్చి స్పీకర్‌కు పంపేది అదే.

“గిటార్‌లో ఇట్లాంటివి మూడుండాయమ్మా. రెండు పలుకుతాండాయి. ఇదొకటి సచ్చిపోయుండాది. నువ్వు సన్న తీగ సుడతావంట కదా?”

“ఇట్లాంటిది ఎప్పుడూ సూడలేదన్నా. పాడైపోతే?”

“పాడయ్యేదానికి ఇంకేముండాదప్పా!”

మూడు రోజులు భోజనం గంటలో ఆ పాత తీగ విప్పాను. ముదురు గోధుమ రంగు తీగ, ముట్టుకుంటే తెగేది. చుట్లు లెక్కపెడుతూ మధ్యలో లెక్క తప్పాను. చివరికి అంచనాతో మా కంపెనీ ఎర్ర తీగే చుట్టాను. కొస కట్టడానికి సరైన దారం దొరక్క, నా జాకెట్టు అంచు నుంచి ఆకుపచ్చ దారం లాగి కట్టాను. నాది ఎడమచేతి వాటం. నా ముడి అందరి ముడికీ తిరగబడి ఉంటుంది.

వారం తర్వాత ఆయన మళ్ళీ వచ్చి, “పలికిందమ్మా! తక్కిన రెండిటికన్నా గట్టిగా పలుకుతాండాది!” అన్నారు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

ఆయన చెప్పగా ఇంకొందరు వచ్చారు. కంపెనీ మూతపడ్డాక మడివాళ మార్కెట్ వెనక చిన్న గది తీసుకుని, పాత మెషీన్ ఒకటి పెట్టుకుని, మోటార్లతో పాటు పికప్‌లూ చుట్టేదాన్ని. రెండు వేల సంవత్సరం దాటాక సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు రావడం మొదలైంది. తమకంటే వయసులో పెద్దవైన గిటార్లు కొని, అందులో ఏది అసలుదో ఏది తర్వాత మార్చిందో చెప్పమనేవాళ్ళు. విప్పీ విప్పీ నాకూ చూపు వచ్చింది. పాత టంకం మసకబారి ఉంటుంది, కొత్తది మెరుస్తుంది. స్క్రూ తల అరిగితే ఎవరో విప్పినట్టే. ప్లేటు కింద రెండో రంధ్రం ఉంటే ఏదో మారినట్టే.

అలా విజయవాడ అబ్బాయి ఒకడు అరవైలనాటి అమెరికా గిటార్ తెచ్చాడు. చేతిలో ఇంటర్నెట్‌లో తీసిన కాగితాల కట్ట.

“అన్నీ ఒరిజినల్ అని చెప్పి అమ్మాడక్కా ఒకతను. కానీ మొదటి రెండు పికప్‌ల మీటరు రీడింగే ఒకదానితో ఒకటి కలవట్లేదు. డూప్లికేటా?”

“కాదు నాయనా. అక్కడా చేత్తోనే చుట్టేవాళ్ళని నీ కాగితాల్లో ఉందన్నావు కదా. పొద్దున చుట్టింది, సాయంత్రం అలిసిపోయి చుట్టింది ఒక్కలాగే ఎట్లుంటాయి? ఆ తేడానే అసలుదని చెప్తుంది.”

అతని ముఖం వెలిగింది. నేను మూడోది తీశాను. టేపు అంచు లేచి ఉంది. దాని కింద వెలిసిపోయిన ఆకుపచ్చ దారం. తిరగబడిన ముడి.

గిటార్‌ను నేను అంతకుముందు చూడలేదు, పెద్దాయన తెచ్చింది పికప్ ఒక్కటే. కానీ ఆ ముడి నాది.

“ఏంటక్కా?”

“ఏం లేదు. ఇదీ బాగుంది.”

అతను కాగితం మీద టిక్కు పెట్టుకున్నాడు. నేను ఒరిజినల్ అనలేదు, కాదనీ అనలేదు. ఎందుకలా చేశానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అతని సంతోషం చెడగొట్టలేకపోయాను. నా పని అసలుదానిలో కలిసిపోయిందన్న గర్వమూ ఉంది, అది ఒప్పుకోవాలి.

ఆ వారం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. తీగ మాటిమాటికీ తెగింది. పని వదిలేసి మార్కెట్లో ఏమీ కొనకుండా తిరిగేదాన్ని. ఆదివారం పొద్దున్నే ఆ అబ్బాయికి ఫోన్ చేసి చెప్పేశాను.

“మూడోది మార్చింది. చుట్టింది నేనే.”

“ఆ రోజే చెప్పొచ్చుగా అక్కా! మా ఫ్రెండ్స్ అందరికీ చెప్పుకున్నా,” అన్నాడు. మధ్యాహ్నానికి గిటార్‌తో గదికి వచ్చేశాడు. “పాత రంగు తీగ తెప్పిస్తా. దాంతో చుట్టేయండి. ఎవరు కనిపెడతారు?”

“చుట్టమంటే చుడతా. ఎవరడిగినా నేను చుట్టాననే చెప్తా.”

కోపంగా చూశాడు. తర్వాత ఏమనుకున్నాడో, వెంట తెచ్చిన చిన్న స్పీకర్ పెట్టి మూడోదాని మీద వాయించాడు. నా చేతి పని పాటగా వినడం నాకదే మొదటిసారి. రేకు పైకప్పు అదిరింది.

“ఇది ఎందుకింత గట్టిగా ఉంది?”

“లెక్క తప్పాను. చుట్లు ఎక్కువ పడినట్టున్నాయి.”

అతను నవ్వాపుకోలేకపోయాడు. కాగితం మీది టిక్కును కొట్టేసి, పక్కన ‘హెబ్బగోడి’ అని రాసుకున్నాడు. తీగ మార్చమనీ అనలేదు, గిటార్‌ను అమ్మనూ లేదు.

నాకు మాత్రం నెమ్మది లేదు. అలా ఎన్ని చుట్టానో, అవి ఎవరెవరి చేతుల్లో అసలువిగా చెలామణి అవుతున్నాయో. అప్పటినుంచి చుట్టిన ప్రతిదాని టేపు కింద నా పేరు, సంవత్సరం రాస్తున్నాను.

పెద్దాయన ఆ గిటార్‌ను ఎందుకు వదులుకున్నారో తెలుసుకుందామని ఒకరోజు కె.ఆర్.పురం వెళ్ళాను. ఆయన అప్పట్లో తన ఇల్లని చెప్పిన సందు సగం రోడ్డు వెడల్పులో పోయింది. కిరాణా కొట్టామె, “అట్లాటోళ్ళు ఈడ ఎవురూ లేరప్పా,” అంది. స్టేషన్ వైపు జనం పరుగెడుతున్నారు. కాలు నిలవక నేనూ వాళ్ళతో పాటు గబగబా నడిచి, బోర్డు చూడకుండానే ముందున్న బస్సు ఎక్కేశాను. అది మడివాళ పోదని రెండు స్టాపులు దాటాక కండక్టర్ చెప్పాడు.